బ్రతికి వచ్చినవాని దుఃఖము





మన ఊళ్లలో ఎవడైన పెద్ద ప్రమాదము నుండి బయటపడి ఇల్లు చేరినప్పుడు, చూడవచ్చిన పెద్దలు వాని తల నిమిరి పలుకు మాట ఒకటి కలదు. “నీకింకను భూమిమీద నూకలున్నవి నాయనా” అందురు. అదే ప్రమాదములో పోయినవాని ఇంటికి పరామర్శకు పోయి “ఏమి చేయుదుము, వానికి నూకలు చెల్లినవి” అందురు. రెండు మాటలును ఓదార్పుకై పుట్టినవే. పలుకువారి మనస్సులో కల్మషము లేదు. కాని ఆ రెండు మాటలను ఒక్క చెవితోనే వినవలసినవాడు ఒకడున్నాడు. వాడే బ్రతికి వచ్చినవాడు. “మేమిద్దరమును ఒక్క బండమీద నిలిచితిమి, ఒక్క తాడు పట్టుకొంటిమి, ప్రొద్దున ఒక్క పళ్లెములో తింటిమి. వాని నూకలు చెల్లుటయేమి, నా నూకలు మిగులుటయేమి? కొలిచినవాడెవడు? ఇప్పుడు నేను తినుచున్నది వాని వంతు కాదుగదా?” అని వాడు రాత్రులందు తన్ను తాను అడుగుకొనును. పైకి మాత్రము ఎవరితోను అనడు. అన్నచో “బ్రతికి బట్టకట్టినందుకు సంతోషింపక ఇదేమి పిచ్చి?” అందురని వానికి తెలియును.

ఈ సంచికలో ఆ ప్రశ్నను గూర్చి, శరణుల మార్గము నాధారము చేసికొని, నాకు తోచినంత మనవి చేయదలచితిని. మరణించినవారిని గూర్చి మన పత్రికలో ఎన్నో వ్యాసములు వచ్చినవి. మిగిలినవారిని గూర్చి వచ్చినవి తక్కువ.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించినది. ఊరూర తోరణములు వాడకముందే, ఆరు దినములకు, జూన్ 8వ తేదీ సాయంకాలము హిమాచల్ ప్రదేశ్ నుండి ఆ దుర్వార్త వచ్చినది. హైదరాబాదు బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు యాత్రకు వెళ్లి, మండి జిల్లాలో మనాలీ పోవు మార్గమున, థలౌట్ సమీపమున బియాస్ నది యొద్ద ఆగిరి. నీరు పలుచగా పారుచుండెను. బండలు పైకి తేలి యుండెను. మైదానపు బిడ్డలు కొండ నదిని చూచి మురిసి ఆ బండలమీదికి పోయి ఫొటోలు దిగుచుండిరి. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట నుండి నీరు విడువబడెను. కొండలోయలో నది మన గోదావరి వలె మెల్లగా విస్తరించి, హెచ్చరించి పెరుగదు. ఇరుకైన దారిలో ఒక్కసారిగా గోడవలె లేచి వచ్చును. క్షణములలో 24 మంది విద్యార్థులును, యాత్రను నడిపించుచుండిన ఒక వ్యక్తియు కొట్టుకొనిపోయిరి. జాతీయ విపత్తు స్పందన దళమువారు, సైనికులు, నావికాదళపు గజ ఈతగాండ్రు వారముల తరబడి వెదకిరి. హిమాచల్ ఉన్నత న్యాయస్థానము తనంత తాను ఈ విషయమును చేపట్టి, 2016లో ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయలు పరిహారమీయవలెనని తీర్పు చెప్పెను. ఆ భారమును విద్యుత్ మండలి, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వము పంచుకొనవలెనని ఆదేశించెను.

ఆ తీర్పులో ఒక విషయము మనము గమనింపవలసినది. దోషమెవరిదని న్యాయస్థానము విచారించినది, దోషమునకు పాళ్లు కూడ నిర్ణయించినది. ఆ పాళ్లలో ప్రాణములతో తిరిగి వచ్చిన సహాధ్యాయుల వంతు లేదు. ఒడ్డున నున్న పిల్లవాడు బండమీది పిల్లవానిని లాగలేకపోయెనన్నది ఏ న్యాయస్థానము దృష్టిలోను నేరము కాదు. అయినను నదిలోని బండకును ఒడ్డునకును నడుమ కొన్ని అడుగుల దూరమే. ఆ కొన్ని అడుగులను దాటి వచ్చినవాడు, తరువాత ఎన్ని యేండ్లు గడచినను, మనస్సులో ఆ అడుగులనే మరల మరల నడచుచుండును. ఆ విద్యార్థులు ఏమి అనుభవించిరో ఊహించి వ్రాయుటకు నాకు అధికారము లేదు. వారిప్పుడు ముప్పది యేండ్లు దాటినవారై, ఉద్యోగములలో, సంసారములలో ఉందురు. వారి పేరుపెట్టక, ఇట్టి స్థితిలో నుండు మనిషిని గూర్చి మాత్రమే చెప్పుచున్నాను.

అదే సంవత్సరము కొండలు మనవారికి వేరొక ముఖమును కూడ చూపినవి. ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున ఖుంబు హిమపాతమున మంచుచరియ విరిగిపడి, ఇతరులకై తాళ్లు నిచ్చెనలు మోయుచుండిన 16 మంది నేపాలీ శ్రామికులు చనిపోయిరి. అయిదు వారములకు, మే 25న, టిబెట్ వైపు నుండి నిజామాబాదు జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమారును అదే శిఖరము నెక్కిరి. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. మన భువనగిరి రాతికొండమీద పాకుట నేర్చుకొనినవారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. మరుసటి సంవత్సరము మార్చిలో నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘమున పుట్టిన మల్లి మస్తాన్ బాబు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో మరణించెను. 2006లో ఏడు ఖండముల ఏడు శిఖరములను 172 దినములలో ఎక్కినవాడతడు. కొండ గూర్చి అతనికి తెలియనిది మనలో ఎవ్వరికిని తెలియదు.

నేర్పరి పోయెను, బాలిక క్షేమముగా తిరిగివచ్చెను. బరువు మోసినవారు పోయిరి. ఇందులో పుణ్యపాపముల లెక్క ఎక్కడ కుదురును? పూర్ణ చేసికొనిన పుణ్యము మస్తాన్ బాబు చేసికొనలేదందుమా? ఖుంబులో పోయిన పదునారుగురును ఒక్కసారిగా పాపులైరందుమా? నోరెట్లాడును? కాని “వాని పుణ్యము బాగుండి బ్రతికెను” అన్నప్పుడెల్ల మనము తెలియక ఈ మాటయే అనుచున్నాము. బ్రతికినవానికి పుణ్యము కట్టబెట్టినచో, పోయినవానికి పుణ్యలోపము అంటగట్టినట్లే. ఆ పోయినవాడు బ్రతికినవానికి ప్రాణస్నేహితుడు. తన స్నేహితుని నింద మీద నిలిచిన పొగడ్తను ఎవడు భరింపగలడు? అందుకే ఆ మాట విన్నంతనే వాడు ముఖము త్రిప్పుకొనును. మనమేమో కృతఘ్నుడనుకొందుము.

శరణులు ఈ విషయమున మిక్కిలి స్పష్టముగా ఉండిరి. దీక్ష పొందినవాని పూర్వాశ్రయము నడుగరాదనిరి. కులమే కాదు, వెనుకటి జన్మల చిట్టా కూడ విప్పరాదనుటయే దాని తాత్పర్యమని నేను తలచెదను. తిథివారములను, శకునములను వారు లెక్కచేయలేదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను అయిదింటిని త్రోసివేసిరి. మరణ సూతకము లేదన్న సిద్ధాంతమును మనము సాధారణముగా పోయినవాని ఇంటికే అన్వయింతుము. మన ఇళ్లలో లింగైక్యమైనప్పుడు మైల పాటింపమని గర్వముగా చెప్పుకొందుము. మరణ స్థలము నుండి నడచి వచ్చినవానికి ఇది వర్తింపదా? వాని ఎదురురాకను అపశకునమనుకొనుట, పెండ్లిపందిరిలోనికి పిలువక మానుట, “వీనితో పోయినవాడు తిరిగిరాలేదు” అని చెవులు కొరుకుకొనుట, ఇవన్నియు మారువేషము వేసికొని వచ్చిన సూతకములే. నుదుట విభూతి పెట్టుకొని ఈ పని చేయువారిని నేను చూచియున్నాను.

ఇక వైద్యులేమనిరో వినుడు. రెండవ ప్రపంచ యుద్ధములో హిట్లరు నిర్బంధ శిబిరముల నుండి బ్రతికి బయటపడిన యూదులను అమెరికాలో విలియం నీదర్లాండ్ అను మనోవైద్యుడు చిరకాలము పరీక్షించెను. దెబ్బలు మానినను, అన్నము దొరికినను, వారిలో అనేకులకు నిద్రలేదు, నవ్వులేదు. తమ వారందరును పోగా తాము మిగులుటయే ఒక నేరమైనట్లు వారు బ్రతుకుచుండిరి. 1960 దశకమున అతడు ఆ స్థితికి ప్రత్యేకముగా పేరు పెట్టి వివరించెను. 1980లో అమెరికా మనోవైద్య సంఘము ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథములో, ఘోర సంఘటనల తరువాత కలుగు మనోవ్యాధి లక్షణములలో, ఇతరులు పోగా తాను మిగిలితినను అపరాధ భావము చేర్చబడెను. కావున ఇది పిచ్చి కాదు, నటన కాదు, దయ్యము పట్టుట అంతకంటెను కాదు. యుద్ధములు, భూకంపములు, గని ప్రమాదములు, పడవ ప్రమాదములు జరిగిన ప్రతి చోటను మనుష్యులు ఇట్లే బాధపడిరి.

చేయని తప్పును మనస్సు ఎందులకు నెత్తికెత్తుకొనును? నాకు తోచిన కారణమిది. “నేనొక్క మాట అనియుంటే వాడు బండ దిగియుండెడివాడు” అనుకొనుట బాధయే. కాని “నేనేమి చేసినను ఆ నీరు ఆగెడిది కాదు” అనుకొనుట అంతకంటె పెద్ద భయము. మొదటి మాటలో లోకము ఇంకను మన చేతిలో ఉన్నది. రెండవ మాటలో మన చేయి ఖాళీ. ఖాళీ చేతికంటె కాలుచున్న నిప్పునైన పట్టుకొని యుండుట మేలని మనస్సు భ్రమపడును. మన పెద్దలు దీనిని కర్తృత్వాభిమానమనిరి. చేయువాడను నేనేయను భావము గెలుపులోనే కాదు, దుఃఖములో కూడ దూరును. ఈ మాటను ఎవరికి వారు పూజలో ఆలోచించుకొనవలెను. దుఃఖములో నున్నవాని ఎదుట కూర్చుండి “ఇది నీ అహంకారము” అని ఉపదేశించినచో అది వైద్యము కాదు, గాయముపై కారము చల్లుట.

పర్వతారోహణ చరిత్రలో ఈ బాధ పడినవారిలో ఒకరి జీవితము దక్షిణదేశముతో ముడివడి యున్నది. అది మన కాయక సిద్ధాంతమునకు ఎంత దగ్గరగా నున్నదో చూచి ఆశ్చర్యపడితిని. 1922లో ఆంగ్లేయులు టిబెట్ వైపు నుండి ఎవరెస్టు నెక్కుటకు ప్రయత్నించిరి. రెండుసార్లు విఫలులై, జూన్ 7వ తేదీన మూడవసారి ఉత్తరపు కనుమ క్రింది వాలుమీద, క్రొత్తగా పడిన మంచులో బయలుదేరిరి. ముందు నడచినవారు మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అను ముగ్గురు ఆంగ్లేయులు. వెనుక తాళ్లకు కట్టుకొని బరువులు మోయు పదునలుగురు కొండవారు. మధ్యాహ్నము మంచు జారెను. ముగ్గురు దొరలును పైకి తేలిరి. తొమ్మండుగురు కూలీలు మంచుగోడ మీదుగా క్రిందికి కొట్టుకొనిపోయిరి. ఇద్దరిని త్రవ్వి ప్రాణములతో తీసిరి. ఏడుగురు పోయిరి.

మాలరీ ఆ దోషము తనదేనని భార్యకు వ్రాసికొనెను. సోమర్వెల్ తరువాత వ్రాసిన తన గ్రంథములో ఆ దినపు మనఃస్థితిని దాచక చెప్పెను. పోయినవారందరును బరువు మోసినవారే. ఆంగ్లేయులలో ఒక్కడైన ఆ మరణమును ఎందుకు పంచుకొనలేదని అతని హృదయము ఘోషించెను. బ్రతికిన కూలీలకు, తమ నష్టములో దొరలకును పాలున్నదన్న భావము కలుగుటకైనను, తాను ఆ మంచులో పడియుండిన బాగుండెడిదని అతడనుకొనెను. నూరేండ్ల క్రిందట, పాలకజాతికి చెందినవాడు, కూలివాని ప్రక్కన చచ్చియుండవలసినదని అనుకొనుట చిన్న విషయము కాదు.

ఈ సోమర్వెల్ వైద్యుడు. (ఇంగ్లండులో చెప్పులు, బూట్లు తయారుచేయు వ్యాపారము గల ఇంట పుట్టినవాడు. హరళయ్యను తలచుకొను మనకు ఈ వివరము ముచ్చటగా ఉండును.) మొదటి ప్రపంచ యుద్ధములో సోమ్ రణరంగమున గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేసి అలసినవాడు. కొండ దిగిన పిమ్మట హిందూదేశమును చూడదలచి ఉత్తరము నుండి కన్యాకుమారి వరకు ప్రయాణము చేసెను. అప్పటి తిరువాన్కూరు సంస్థానములో, నేటి తమిళనాడు కన్యాకుమారి జిల్లాలో, నెయ్యూరు అను ఊరిలో ఒక మిషను ఆసుపత్రి యుండెను. అక్కడ రోగులు గుంపులుగా వేచియుండిరి, శస్త్రవైద్యుడు ఒక్కడే. సోమర్వెల్ ఆగి కొన్ని చికిత్సలు చేసెను. లండనులో అతని కొరకు పెద్ద పదవి ఎదురుచూచుచుండెను. దానిని కాదని నెయ్యూరు వచ్చి చేరెను. ఇరువది యేండ్లకు పైగా అక్కడ పనిచేసి, తరువాత వేలూరు వైద్య కళాశాలలో బోధించి, 1961లో గాని స్వదేశమునకు పోలేదు.

అతడు క్రైస్తవుడు, మిషనరీ. అతని మతము వేరు, మన మార్గము వేరు. ఆ ఏడుగురి ప్రాణములకు ప్రాయశ్చిత్తముగానే అతడీ పని చేసెనని కొందరు కథకట్టి చెప్పుదురు. అతడట్లు చెప్పలేదు. ఎదుట రోగులుండిరి, చేతిలో విద్య యుండెను, కావున నిలిచితిననుటయే అతడు చెప్పిన కారణము. ఈ భేదము మనకు ముఖ్యము. ప్రాయశ్చిత్తము ఒక అప్పు. మృతునికి పడిన అప్పు ఎన్నడును తీరదు. తీరినదని రసీదు వ్రాసి ఇచ్చువాడు లేడు. ఆ అప్పు తీర్చుటకై పనిచేయువాడు పనిలో క్రుంగిపోవును. కాయకము అట్లు కాదు. ఈనాటి కాయకము ఈనాటి ప్రొద్దు గ్రుంకునప్పటికి ముగియును. దాని ఫలము నలుగురికి దాసోహమగును. మరునాడు మరల ఆరంభము. నెయ్యూరులో ఒక రోగి కడుపు కుట్టి మూసిన తరువాత ఆ వైద్యుడు చేయవలసినది ఆ రోగికి సంబంధించినంతవరకు అయిపోయినది. 1922 జూన్ 7 మాత్రము ఎన్నడును అయిపోదు. ఈ రెండింటిని విడదీయగలిగినవాడు నిద్రపోగలడు.

అతడు 1924లో మరల ఎవరెస్టుకు పోయెను. ఇరువదియెనిమిదివేల అడుగుల ఎత్తున గొంతు మూసికొనిపోయి చావు అంచు వరకు వెళ్లి తిరిగివచ్చెను. తన కెమేరాను మాలరీకి ఎరువిచ్చెను. జూన్ 8న మాలరీ, అర్విన్ అను యువకునితో కలిసి పైకి పోయి మరల రాలేదు. మాలరీ శరీరము 1999లో దొరకినది. సోమర్వెల్ నెయ్యూరునకు తిరిగివచ్చి తన బల్లయొద్ద నిలిచెను. ఒక జీవితములో ఇట్టివి రెండుసార్లు!

ఇంత దూరము పోనక్కరలేదు, కల్యాణము వైపు చూచినను చాలును. హరళయ్యయు మధువరసయ్యయు తమ బిడ్డలకు పెండ్లి చేసినందుకు బిజ్జలుడు వారిని ఘోరముగా చంపించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. అంతట కల్యాణము అట్టుడికిపోయెను. బిజ్జలుడు హతుడయ్యెను, శరణులమీద సైన్యము విరుచుకొనిపడెను. చెన్నబసవన్న, అక్క నాగమ్మ మొదలగువారు ఉళివి కొండల వైపు తరలిపోయిరి. మడివాళ మాచయ్య వెనుక నిలిచి సైన్యము నడ్డగించెనందురు. ఈ కథను చెప్పునప్పుడు మనము హరళయ్య త్యాగమును పొగడి ముగింతుము. కాని ఉళివి దారిలో నడచినవారి సంగతి యేమి? తమతో అనుభవ మంటపములో ఒక్క వరుసలో కూర్చుండినవారు వెనుక చచ్చిపడియుండగా వారు ముందునకు అడుగు వేయవలసివచ్చినది. అందులో వృద్ధులుండిరి, స్త్రీలుండిరి, ఏ పోరాటమును చేయలేనివారుండిరి. వారినెవ్వరైన ఇంతవరకు పిరికివారనిరా? వారు తమవెంట తెచ్చిన తాళపత్రముల వలననే వచనములు మిగిలినవి. తరువాత మూడు వందల యేండ్లకు విజయనగర కాలమున విరక్తులు వానిని కూర్చిరి; గత శతాబ్దములో ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి ఇంటింట తిరిగి వెదకి అచ్చు వేసెను. అందరును హరళయ్యతో పాటు మరణించియుండిన, నేడు ఈ పత్రిక ఉండదు, ఈ వ్యాసము ఉండదు.

దుఃఖింపకూడదని కూడ శరణులు చెప్పలేదు. మన జనగామ ప్రాంతపు పాలకుర్తివాడైన సోమనాథ కవి తన పండితారాధ్య చరిత్రలో, బసవేశ్వరుని చూడ బయలుదేరిన మల్లికార్జున పండితారాధ్యునికి దారిలో బసవన్న లింగైక్యమైన వార్త తెలియుటయు, అంతటి జ్ఞాని విలపించుటయు వర్ణించెను. కవి ఆ కన్నీటిని దాచలేదు. అటుపిమ్మట పండితారాధ్యుడు నడక మానలేదు. శ్రీశైలము వైపు సాగెను.

మా చెల్పూరులో ఒకవైపు కాకతీయ తాప విద్యుత్ కేంద్రపు పొగగొట్టములు, కొంత దూరమున భూపాలపల్లి బొగ్గుగనులు. గని కుటుంబములలో ఈ దుఃఖము క్రొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7వ ఎల్ఈపీ గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. గని ప్రమాదము జరిగిన ప్రతిసారి, ఆ దినము షిఫ్టు మార్చుకొనినవాడు, జ్వరమని నాగా పెట్టినవాడు, అయిదు నిమిషములు ముందు పైకి వచ్చినవాడు ఎవడో ఒకడుండును. ఊరు వానిని అదృష్టవంతుడనును. వాడు మాత్రము పోయినవాని ఇంటి ముందు నుండి నడువలేక చుట్టుదారిన పోవును.

ఈ చుట్టుదారి నేను కన్నులార చూచినది. కొన్నేండ్ల క్రిందట పదవ తరగతి చదువుచున్న ఇద్దరు బాలురు ఆదివారము చెరువునకు ఈతకు పోయిరి. ఒకడు బురదలో చిక్కుకొని పోయెను. రెండవవాడు పట్టుకొన్న చేయి జారిపోయినదట. పోయినవానిది మన సమాజపు ఇల్లు, మిగిలినవానిది వేరొక కులము. వాడు పాఠశాలకు వచ్చుట మానెను. వచ్చినను వెనుక బల్లమీద గోడవైపు తిరిగి కూర్చుండువాడు. స్నేహితుని ఇల్లున్న వీధి తప్పించుకొనుటకు చెరువుకట్ట చుట్టి మైలు దూరము నడచువాడు. ఒక్కపూట తినుచు చిక్కి సగమయ్యెను. నేనును తోటి ఉపాధ్యాయులును నీతివాక్యములు చాలనే చెప్పితిమి. వానిమీద చుక్క నీరు నిలువలేదు.

ఆ ఇంట దాసోహము పెట్టిన దినమున వానికి పిలుపు పోయెను. రాలేదు. అప్పుడు ఆ తల్లి స్వయముగా అన్నము, పప్పు విస్తరిలో కట్టుకొని వాని గుడిసెకు పోయినది. నేను వెంట పోతిని. ఆమె వానిని తిట్టలేదు, ఓదార్చలేదు. ఎదుట కూర్చుండి, “బిడ్డా, నా కొడుకు పోయిండు. నువ్వు గూడ గిట్ల పస్తులుండి పోతే, ఆఖరి నాటి వాని ముచ్చట నాకెవలు చెప్తరు?” అన్నది. వాడు వెక్కి వెక్కి యేడ్చెను. పిమ్మట చెప్పనారంభించెను. ప్రొద్దున ఇద్దరును ఏమి తినిరో, దారిలో ఏ సినిమా పాట పాడుకొనిరో, నీటిలో దిగకముందు వాడేమి పరిహాసమాడెనో, చేయి ఎట్లు జారెనో, అంతయు చెప్పెను. ఆమె మధ్యమధ్య అడుగుచు, ఒక్కచోట నవ్వుచు వినెను. దీపాలవేళ అయ్యెను. అప్పుడు విస్తరి విప్పి ముద్ద కలిపి వానికి తినిపించినది.

నాకప్పుడు తెలిసిన విషయమొకటి. బ్రతికినవాడు పోయినవాని తల్లిదండ్రులకు భయపడును, వారు తన్ను చూచి “నీవెట్లు మిగిలితివి?” అందురని. వారికేమో వాడు కావలయును. తమ బిడ్డ ఆఖరి గంటను ఎరిగినవాడు లోకములో వాడొక్కడే. ఆ తల్లి తినిపించిన ముద్దకు శరణులు ప్రసాదమని పేరు పెట్టిరి. ప్రసాదములో ఒకరి వంతు ఒకరు తినుట యుండదు. అక్కడ నూకల లెక్క సాగదు.

కథ అంతటితో సుఖాంతమైనదని చెప్పను. ఆ బాలుడు ఆ యేడు పరీక్ష తప్పి, మరుసటి యేడు వ్రాసి గట్టెక్కెను. ఇప్పటికిని నీటిలో మోకాలి లోతు దాటడు. చెరువుకట్ట మీదుగా పోవుట మాత్రము మానెను. నేరుగా ఆ వీధినే పోవును, ఆ ఇంటి గడపమీద కొంతసేపు కూర్చుండును.

ఇష్టలింగమును అరచేత నుంచి చూపు నిలుపు పూజ ఇట్టివారికి మేలుచేయును. కన్నులు మూసినంతనే నీరో మంచో కనబడు వానికి, కన్నులు తెరచి చేయు పూజ మనది. ఊపిరి నెమ్మదించును, చేతిలో బరువు తెలియును. అయితే పూజను మందునకు బదులుగా చెప్పరాదు. నెలలు గడచినను నిద్రలేక, తినక, “నేనును పోయిన బాగుండెడిది” అని నోట అన్నచో దానిని మాటవరుస మాటగా తీసికొనక వైద్యునికి చూపవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు పైకము లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు. మనోవైద్యుని యొద్దకు పోవుట భక్తికి లోపమని చెప్పు జంగమయ్య యెవరైన ఉన్నచో, జ్వరము వచ్చినప్పుడు తామేమి చేయుదురో వారినే అడుగుడు.

మఠముల పెద్దలకు ఒక్క విన్నపము. గని నుండియో, నది నుండియో, రోడ్డు ప్రమాదము నుండియో ఒంటరిగా తిరిగివచ్చినవాడు మీ ఊరిలో నుండిన, వానిని వేదికమీదికి పిలిచి శాలువ కప్పకుడు. సామూహిక పూజనాడు వెనుక వరుసలో కూర్చుండనిండు. దాసోహములో వడ్డించు గరిటె వాని చేతికిండు. మొదటి దినము పదిమందికి వడ్డించి, గరిటె క్రిందపెట్టి, లేచి వెడలిపోవచ్చును. పోనిండు. ఎందుకు పోతివని అడుగకుడు. వచ్చే సోమవారము మరల కబురు పంపుడు.